కమ్యూనిటీ ట్యాంకులో ఏ చేపలు కలిసి బతుకుతాయి?

కమ్యూనిటీ ట్యాంకు, అంటే వేర్వేరు జాతుల చేపలను కలిపి పెంచే అక్వేరియం, కొత్తగా పెట్టాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది ఒక చార్టు. నిలువునా చేపల పేర్లు, అడ్డంగా మళ్లీ అవే పేర్లు. రెండూ కలిసే గడిలో ఆకుపచ్చ ఉంటే కలిపి వేసుకోవచ్చు, ఎరుపు ఉంటే వద్దు, పసుపు ఉంటే జాగ్రత్త. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ అందులో గప్పీకీ నియాన్ టెట్రాకీ మధ్య ఆకుపచ్చ కనిపిస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కరవవు, నిజమే. ఒకదానికి లవణాలు ఎక్కువున్న నీళ్లు, రెండోదానికి తక్కువున్న నీళ్లు కావాలన్న సంగతి మాత్రం ఆ గడిలో పట్టదు. టైగర్ బార్బ్‌కి ఎదురుగా పసుపు ఉంటుంది. మూడు వేస్తే అవి రౌడీలు, పది వేస్తే వాటి గొడవేదో వాటిమధ్యే తేల్చుకుంటాయని అక్కడెవరూ రాయరు. ఏంజెల్ ఫిష్ పక్కనా పసుపే. బొటనవేలంత ఉన్నప్పుడు అది ఎవరి జోలికీ పోదు. ఏడాది గడిచాక సంగతి వేరు.

రెండు చేపలకు పడుతుందా లేదా అన్నది ఆ రెండు పేర్లను బట్టి తేలే విషయం కాదు. నీళ్లు, ట్యాంకు పొడవు, ఎన్ని చేపలున్నాయి, వాటి వయసెంత అన్నవి మారితే అదే జత ఒకచోట హాయిగా ఉంటుంది, ఇంకోచోట చచ్చేదాకా తరుముకుంటుంది. అందుకని ప్రశ్నలు అడిగే వరస మార్చాలి. ఈ చేపకు నా నీళ్లు పడతాయా? పూర్తిగా పెరిగాక నా ట్యాంకు సరిపోతుందా? దాని సొంత జాతివి ఎన్ని ఉండాలి? పక్క జాతులతో సర్దుకుంటుందా అన్నది నాలుగో ప్రశ్న. అక్కడికి వచ్చేసరికి మీ జాబితాలో సగం పేర్లు వాటంతటవే కొట్టేసి ఉంటాయి.

నీళ్లు, వేడి

చేప ఒంట్లోని లవణాలకూ బయటి నీళ్లలోని లవణాలకూ మధ్య తూకం కాపాడటానికి దాని మొప్పలు, మూత్రపిండాలు రాత్రీపగలూ పని చేస్తూనే ఉంటాయి. ఏ జాతి ఎలాంటి నీళ్లలో తరతరాలుగా బతికిందో ఆ నీళ్లకు తగ్గట్టే ఈ ఏర్పాటు ఉంటుంది. నియాన్, కార్డినల్, డిస్కస్ లాంటివి అమెజాన్ పరీవాహక ప్రాంతపు చేపలు. అక్కడి చాలా వాగుల్లో కాల్షియం దాదాపు ఉండదు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7 కంటే తక్కువ. కార్డినల్‌లు దొరికే రియో నీగ్రో నీళ్లయితే కుళ్లిన ఆకుల సారంతో టీ డికాక్షన్‌లా ఉంటాయి. మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ మెక్సికో, మధ్య అమెరికా వైపువి. వీటికి కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉన్న, పీహెచ్ 7 దాటిన నీళ్లు కావాలి. కఠినత్వం లేని, అంటే ఈ లవణాలు తక్కువున్న నీళ్లలో మోలీని పెడితే రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటే అటూఇటూ ఊగుతూ ఉంటుంది. ఏదో రోగం వచ్చిందనుకుని మందులు పోస్తారు. మందులు పోసినా నీళ్లు అవే కాబట్టి ఫలితం ఉండదు.

కాబట్టి చేపల పేర్లు రాసుకోకముందే మీ కుళాయి నీళ్లకు పీహెచ్, జీహెచ్, కేహెచ్ పరీక్షలు చేయండి. జీహెచ్ మొత్తం కఠినత్వాన్ని చెబుతుంది. కేహెచ్ అంటే నీళ్లలోని కార్బొనేట్ల లెక్క. పీహెచ్ ఊగిసలాడకుండా పట్టి ఉంచేది అదే. కేహెచ్ ఎక్కువున్న నీళ్లలో పీహెచ్ తగ్గించే మందు పోస్తే రాత్రికి తగ్గుతుంది, తెల్లారేసరికి మళ్లీ పైకి వస్తుంది. ఆ ఊగులాట చేపకు అసలు పీహెచ్ కంటే ఎక్కువ హాని చేస్తుంది. ఆర్వో నీళ్లు కలిపి కఠినత్వం తగ్గించుకునే దారి ఉంది గానీ, నీళ్లు మార్చిన ప్రతిసారీ అదే పాళ్లలో కలపాలి. మొదటి ట్యాంకుకు ఆ తలనొప్పి ఎందుకు? ఉన్న నీళ్లకు సరిపోయే చేపను తెచ్చుకోవడం తేలిక. ఒక్క మాట చెప్పాలి: ఇప్పుడు అమ్మే నియాన్‌లలో చాలావరకు ఫారాల్లో పుట్టినవే, అవి మధ్యస్థమైన నీళ్లకు బాగానే సర్దుకుంటాయి. రెండు కొసల చేపలను ఒకే నీళ్లలోకి తెచ్చి ఇద్దరినీ కాస్త కాస్త బాధపెట్టడమే వద్దనేది.

వేడి విషయంలో సర్దుబాట్లు ఇంకా తక్కువ. గోల్డ్‌ఫిష్‌కి 18 నుంచి 22 డిగ్రీలు బాగుంటుంది, డిస్కస్‌కి 28 నుంచి 30. ఈ రెండు అంకెలకూ మధ్య కలిసే చోటే లేదు. గోల్డ్‌ఫిష్‌ని ఉష్ణమండల చేపలతో కలపకూడదనడానికి ఇది మొదటి కారణం. అది విసర్జించే మలినం చాలా ఎక్కువ, నోట్లో పట్టే చిన్న చేపలను మింగుతుంది అన్నవి తర్వాతి కారణాలు. జాగ్రత్తగా చూడాల్సినవి మధ్యలో ఉన్నవి. రామ్ సిక్లిడ్‌కి 27 పైన కావాలి, అడుగున తిరిగే పాండా కోరీడోరస్‌కి (కోరీ అంటారు) 25 దాటితే ఇబ్బంది. రెండూ ప్రశాంతమైన చేపలే, ఏ చార్టు చూసినా ఆకుపచ్చే. రామ్‌తో కోరీ కావాలంటే వేడిని తట్టుకునే స్టెర్బాయ్ కోరీని ఎంచుకోవాలి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. హీటర్ పెంచిన ట్యాంకులో చేపల సంఖ్య కాస్త తగ్గించుకోవాల్సి వస్తుంది.

పెరిగాక ఎంతవుతుంది

అమ్మే చోట కనిపించేవన్నీ పిల్లలే. 5 సెంటీమీటర్ల ఆస్కార్ 30 సెంటీమీటర్లవుతుంది. అద్దానికి అతుక్కుని నాచు తింటుందని తెచ్చే మామూలు సకర్ చేప 40 సెంటీమీటర్ల దాకా పోతుంది. బాలా షార్క్ 30 దాటుతుంది. వెండిరంగులో మెరిసే ఇరిడిసెంట్ షార్క్ అయితే, తిండి కోసం చెరువుల్లో పెంచే పంగాసియస్ జాతి పిల్ల. దానికి మీటరు దాటి పెరిగే శక్తి ఉంది. నత్తలను తింటుందని సలహా ఇచ్చే క్లౌన్ లోచ్ నెమ్మదిగానే పెరుగుతుంది గానీ 25 సెంటీమీటర్లకు చేరుతుంది, పైగా గుంపుగా ఉండాలి.

ట్యాంకును బట్టే చేప పెరుగుతుందిలే అనే మాట వింటుంటాం. ఇరుకు ట్యాంకులో పెరుగుదల మందగించే మాట వాస్తవమే. అది మలినాలు పేరుకున్న నీళ్లలో ఎదుగుదల కుంటుపడటం. వెన్ను వంకర తిరగడం, ఆయుష్షు తగ్గడం దాని వెంటే వస్తాయి.

గ్యాలన్‌కు (దాదాపు 3.8 లీటర్లకు) ఒక అంగుళం చేప అన్న పాత లెక్క ఇంకా తిరుగుతూనే ఉంది. చిన్న, సన్నటి చేపలకు అది కాస్త పనికొస్తుంది, పెద్దవాటికి ఘోరంగా తప్పుతుంది. ఎందుకో చూడండి. ఒకే ఆకారంలో ఉన్న చేప పొడవు రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది, పొడవు పదింతలైతే బరువు వెయ్యింతలు. 3 సెంటీమీటర్ల నియాన్‌లు పదింటిని వరసగా పేరిస్తే ఒక 30 సెంటీమీటర్ల ఆస్కార్ పొడవు వస్తుంది. ఆకారం ఒకటే అనుకున్నా ఆ పదింటి బరువు ఆస్కార్‌లో నూరో వంతే. తిండీ, మలినమూ బరువును బట్టి ఉంటాయి గానీ పొడవును బట్టి కాదు.

లీటర్ల లెక్క కన్నా నేలవైశాల్యం, పొడవు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. జీబ్రా డానియో 5 సెంటీమీటర్లే, కానీ పరుగు ఆపదు. దానికి 60 సెంటీమీటర్ల ట్యాంకు కనీసం. ఏంజెల్‌కి ఎత్తు కావాలి, రెక్కలతో కలిపి దాని నిలువు 20 సెంటీమీటర్లు దాటుతుంది. నేలమీద తిరిగే చేపలకు ఎత్తుతో పని లేదు, అడుగు ఎంత వెడల్పో అదే వాటి లోకం. సన్నగా, పొడుగ్గా నిలబెట్టిన ట్యాంకు గదిలో అందంగా ఉంటుంది కానీ చేపల ఎంపికను సగానికి కోసేస్తుంది. పైన గాలి తగిలే వైశాల్యమూ తక్కువ కాబట్టి ఆక్సిజన్ కూడా తక్కువే.

సైజు ప్రశ్నకు తోక లాంటిది నోటి ప్రశ్న. నోట్లో పట్టేది తిండే. ఏంజెల్, నియాన్ జత నెలల తరబడి బాగానే నడుస్తుంది. ఏంజెల్ పెద్దదయ్యాక ఒక రాత్రి లెక్క తప్పడం మొదలవుతుంది. పిక్టస్ క్యాట్‌ఫిష్‌తో ఇంకా చిత్రం. పగలంతా దాక్కుంటుంది, చీకటిపడ్డాక నిద్రపోతున్న టెట్రాలను తింటుంది. రోజుకొకటి తగ్గుతుంటుంది, ఎవరు తింటున్నారో కనపడదు, ఫిల్టర్‌లో ఇరుక్కుందేమోనని వెతుకుతారు. ఇవేవీ దుష్ట చేపలు కావు. ప్రశాంతమైన చేప అని రాసి ఉందంటే దానర్థం కావాలని గొడవ పెట్టుకోదని మాత్రమే. ఆకలేస్తే తినదని కాదు.

సొంత జాతి

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ట్యాంకు నిండుగా, రంగురంగులుగా ఉండాలని రెండు నియాన్‌లు, రెండు బార్బ్‌లు, రెండు కోరీలు, రెండు డానియోలు తెస్తారు. జతలుగా తెస్తే తోడుంటుందని మనకు అనిపిస్తుంది. గుంపు చేపకు జత అంటే ఒంటరితనమే. టెట్రాలు, రాస్‌బోరాలు, బార్బ్‌లు, డానియోలు, కోరీడోరస్, లోచ్‌లు ఆరుకు తగ్గకూడదు. పది ఉంటే ఇంకా మంచిది.

ఇందులో భయం పాత్ర చాలా ఉంది. గుంపులో ఉన్న చేపకు కాపలా కాసే కళ్లు తనవొక్కటే కావు, అన్నిటివీ. ఏదైనా ముప్పు వస్తే ముందు చూసిన చేప కదలికతో మిగతావన్నీ కదులుతాయి. కళ్లతో పాటు వాసన కూడా పని చేస్తుంది. గాయపడ్డ చేప చర్మం నుంచి ఒక రసాయనం విడుదలై చుట్టూ ఉన్న సజాతి చేపలను బెదరగొడుతుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లోనే చూపించాడు. తేనెటీగల నాట్యభాషను విప్పి చెప్పి నోబెల్ అందుకున్న ఆయనే. బార్బ్‌లు, టెట్రాలు, క్యాట్‌ఫిష్‌లు ఉన్న పెద్ద వర్గమంతటా ఈ ఏర్పాటు కనిపిస్తుంది. అద్దాల పెట్టెలో ఒక చేప తోకను ఇంకోటి పదేపదే కొరుకుతుంటే, కొరికించుకోని చేపలు కూడా మూలకు చేరి తిండి మానేయడానికి ఇదొక కారణం కావచ్చు.

టైగర్ బార్బ్ సంగతికి వద్దాం. ఈ చేపల్లో ఎవరు పైన, ఎవరు కింద అన్న పోటీ ఎప్పుడూ నడుస్తుంటుంది. తరమడం, రెక్క కొరకడం ఆ పోటీలో భాగం. ఎనిమిదీ పదీ ఉంటే ఆ తరుములాట లోపలే పంచుకుపోతుంది. మూడే ఉంటే ఆ మూడింట్లో బలహీనమైనది బలైపోతుంది, తర్వాత పక్కన నెమ్మదిగా తేలుతున్న గౌరామీ పొడవాటి మీసాలో, బెట్టా తోకో వాటి కంట పడుతుంది. అంటే ఎక్కువ గొడవ పెడుతోందని తీసేయాలనుకున్న చేపకు ఒక్కోసారి అసలు మందు ఇంకో ఐదారింటిని తేవడం. అయినా సరే, టైగర్ బార్బ్‌లున్న ట్యాంకులో పొడవాటి రెక్కల చేపలను నేను వేయను. గుంపు పెరిగితే కొరకడం తగ్గుతుంది, పూర్తిగా పోతుందని హామీ లేదు. సెర్పే టెట్రాకీ ఇదే వర్తిస్తుంది.

గుంపు వల్ల ఇంకో లాభం ఉంది. చిన్న సిక్లిడ్‌ల లాంటి పిరికి చేపలు, పైన టెట్రాల గుంపు ధైర్యంగా తిరుగుతుంటే ముప్పేమీ లేదని గ్రహించి బయటికి వస్తాయి. చేప దాక్కుంటోందని దాక్కునే చోట్లు తీసేసేవాళ్లున్నారు. చేయాల్సింది తిరగేసి: దాక్కునే చోట్లు పెంచి, పైన చిన్న గుంపు వేస్తే అది కనిపించడం మొదలుపెడుతుంది.

పిల్లలను పెట్టే చేపలకు లెక్క వేరు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ మగవి ఆడవాటిని తిననివ్వకుండా వెంటపడతాయి. అందుకే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలంటారు. కానీ ఆడ గప్పీ దాదాపు నెలకోసారి పిల్లలు పెడుతుంది, మగదాన్ని తీసేసినా దాచుకున్న వీర్యంతో నెలల పాటు పెడుతూనే ఉంటుంది. పిల్లలను ఏం చేయాలో తెలియకపోతే అన్నీ మగవే తెచ్చుకోవడం చాలా తేలికైన దారి. రంగులెలాగూ మగవాటికే ఎక్కువ.

పక్కవాళ్లతో గొడవలు

ఇప్పుడు నాలుగో ప్రశ్న. గొడవలకు తిండి కంటే చోటే ఎక్కువగా కారణం. రెడ్‌టెయిల్ బ్లాక్ షార్క్, రెయిన్‌బో షార్క్ అడుగుభాగమంతా తమదేనంటాయి. ట్యాంకులో ఒకటికి మించి వేయకూడదు, పోలికలున్న ఇంకో చేపనూ దానితో పెట్టకూడదు. పోలిక అన్నది ముఖ్యం. చాలా చేపలు తమలా కనిపించేదాన్నే పోటీదారు అనుకుంటాయి. మగ బెట్టా రంగురంగుల తోకున్న మగ గప్పీ మీదికి వెళ్లేది అందుకే. రెండు మగ గౌరామీలు కొట్టుకుంటాయి, వాటి దగ్గరి చుట్టమైన బెట్టాతో కూడా పడదు. అదే బెట్టా కింద తిరిగే కోరీలను చాలాసార్లు పట్టించుకోదు. బెట్టాల్లో ఒక్కోదాని స్వభావం ఒక్కోలా ఉంటుంది కాబట్టి, దానికోసం ఖాళీ గిన్నె ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

సంతానం వచ్చినప్పుడు సాధువులు కూడా మారిపోతాయి. క్రిబెన్‌సిస్ జత గుడ్లు పెట్టిందంటే మూడో వంతు ట్యాంకు వాటిదే. కాన్విక్ట్ సిక్లిడ్ అయితే ట్యాంకంతా తనదే. ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపల జోలికి మొదటి కమ్యూనిటీ ట్యాంకులో పోకండి. వాటి నీళ్లు, వాటి తిండి, వాటి కోపం అన్నీ వేరు.

తినే వేగాన్ని ఎవరూ లెక్కలో పెట్టరు. డానియోలు వేసిన తిండిని వేసినట్టే పైనే లాగించేస్తాయి. నెమ్మదిగా, ఆలోచించి తినే గౌరామీకి ఏమీ మిగలదు. ఒక్క దెబ్బా తగలకుండానే చేప చిక్కిపోతుంది.

అడుగున మిగిలింది తిని బతుకుతాయని కోరీడోరస్‌ను పనిమనుషుల్లా తెచ్చే అలవాటు ఒకటుంది. అవి మలం తినవు, మిగిలిన తిండి మీద మాత్రమే బతకలేవు. మునిగే గుళికలు వాటికి విడిగా వేయాలి, అడుగున మీసాలు అరిగిపోని మెత్తటి ఇసుక ఉండాలి. ఇంకో విశేషం: కోరీల పక్క రెక్కల్లో గట్టి ముల్లుంటుంది, బెదిరితే దాన్ని నిటారుగా బిగిస్తుంది. దాన్ని మింగబోయిన పెద్ద చేప గొంతులో అది అడ్డంపడి ఒక్కోసారి రెండూ చస్తాయి. నాచు కోసం తెచ్చే చైనీస్ ఆల్జీ ఈటర్ గురించి కూడా హెచ్చరించాలి. చిన్నప్పుడు నాచు తింటుంది, పెద్దయ్యాక ఏంజెల్ లాంటి బల్లపరుపు చేపల ఒంటికి అతుక్కుని జిగురు పొర పీలుస్తుంది. సాధారణంగా 12 సెంటీమీటర్ల దగ్గర ఆగే బ్రిజిల్‌నోజ్ ప్లెకో దానికంటే ఎన్నో రెట్లు నయం. నాచు కోసం ఓటోసింక్లస్ తేవాలంటే నాచు పట్టిన, నెలలు గడిచిన ట్యాంకు ఉండాలి. కొత్త ట్యాంకులో అవి ఆకలితో పోతాయి.

కాగితం మీద ఒక ట్యాంకు

60×30×30 సెంటీమీటర్ల ట్యాంకు లెక్కకు 54 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోతే 45 మిగులుతాయి. నీళ్లలో కఠినత్వం తక్కువైతే పది ఎంబర్ టెట్రాలు, ఆరు పిగ్మీ కోరీలు, ఒక హనీ గౌరామీ సరిపోతాయి. డ్వార్ఫ్ గౌరామీ ఇంకా రంగుగా ఉంటుంది గానీ దానికి ఎక్కువగా సోకే ఇరిడోవైరస్ అనే వైరస్ జబ్బు ఉంది, మందు లేదు. అందుకే హనీ. కఠినత్వం ఎక్కువైతే ఆరేడు మగ గప్పీలు, రెండు నెరైట్ నత్తలు వేసి ఆపేయండి. ఖాళీగా అనిపిస్తుంది. మొక్కలు పెంచితే అనిపించదు.

90×45×45 అంటే 182 లీటర్లు, ఇక్కడ చేతులు కాస్త స్వేచ్ఛగా ఆడతాయి. పన్నెండు లెమన్ టెట్రాలు, ఎనిమిది స్టెర్బాయ్ కోరీలు, ఒక మగ, రెండు ఆడ పెర్ల్ గౌరామీలు, ఒక బ్రిజిల్‌నోజ్. పైన, మధ్య, అడుగు మూడూ నిండుతాయి, ఒకరి చోటు ఇంకొకరికి అక్కర్లేదు. జాతులు నాలుగే. పది జాతుల కంటే ఈ నాలుగే చూడటానికి బాగుంటాయని నా అభిప్రాయం. పన్నెండు టెట్రాలు ఒక్కసారిగా మలుపు తిరగడం, మగవి ఒకదానికొకటి రెక్కలు విప్పి చూపించుకోవడం జతలు జతలుగా పెట్టిన ట్యాంకులో కనపడవు.

వీటన్నిటినీ ఒకేరోజు తెచ్చి వేయకూడదు. చేప మొప్పల నుంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేకుండా అమోనియా చుక్కలు వేస్తూ ఈ పని పూర్తి చేయడం మంచి పద్ధతి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి చేప. ఇక్కడ కూడా నీళ్ల గుణం పనిచేస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం కూడా కాదు, పీహెచ్ 8 అయితే ఐదు శాతం దాటుతుంది. అంటే గప్పీలకు నచ్చే నీళ్లలో తొందరపడితే దెబ్బ ఎక్కువ.

వేసే వరస కూడా గొడవలను తగ్గిస్తుంది. గుంపు చేపలు ముందు, అడుగు చేపలు తర్వాత, చోటు నాదనే గౌరామీ, సిక్లిడ్ చివర. ముందే వచ్చి కూర్చున్న గౌరామీకి తర్వాత వచ్చే ప్రతి చేపా చొరబాటుదారే. ఒక్కో విడతకూ మధ్య రెండు వారాలు ఉంచి, అమోనియా మళ్లీ పరీక్షించండి. వీలైతే కొత్త చేపలను విడి తొట్టెలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంచాలి. తెల్లమచ్చల జబ్బు ఒక్క చేపతో వచ్చి ట్యాంకంతా పాకుతుంది.

ఇంత చేసినా ఒక చేప కుదురుకోకపోవచ్చు. తిండి వేళకు కూడా ఫిల్టర్ వెనకే ఉండటం, రంగు వెలవెలబోవడం, తోక అంచులు చిరగడం కనిపిస్తే ముందు రాళ్లు, చెక్కముక్కలు, మొక్కలు చోటు మార్చి చూడండి. సరిహద్దులు చెరిగిపోయి కొట్లాట చాలాసార్లు చల్లబడుతుంది. వారంలో మార్పు లేకపోతే దెబ్బలు తింటున్నదాన్ని కాదు, కొడుతున్నదాన్ని కొన్నాళ్లు బయటికి తీయండి. తిరిగి వచ్చేసరికి ఈసారి కొత్తగా వచ్చినది అదే అవుతుంది.